విండో జరపరాదు

ఉదయం తొమ్మిదీ పది. కోర్టు ముందు బస్సు దిగి గొడుగు మడుస్తున్న రికార్డు గుమాస్తా ఉన్నట్టుండి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కాళ్ళు పీకుతున్నాయేమో అనుకున్నారు పక్కవాళ్ళు. గొడుగు చేతిలోంచి జారి దొర్లుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళాక గానీ, అతని చొక్కా మీద పాకుతున్న ఎరుపు ఎవరికీ కనబడలేదు.

చప్పుడు వచ్చిన మేడ మీదికి ఆరు నిమిషాల్లో పోలీసులు ఎక్కారు. అక్కడ మనిషన్నవాడు లేడు. నీళ్ళ ట్యాంకు వెనక మూడు కాళ్ళ స్టాండు, దాని మీద సూట్‌కేసంత యంత్రం, యంత్రానికి బిగించిన రైఫిల్, పక్కనే అగ్గిపెట్టెంత కంప్యూటర్ బోర్డు. ఎక్కడో ఇంకో గదిలో ఎవడో కుర్చీలో జారగిలబడి, స్క్రీన్ మీద కనబడుతున్న గుమాస్తా మీద మౌస్‌తో ఒక్క క్లిక్ చేశాడు. పని అయిపోయింది.

ఇది జరిగిన పదమూడో రోజు ఉదయం చీఫ్ నుంచి ఉడుతకి పిలుపు వచ్చింది.

బయట బోర్డు మీద 'మ్యాపుల ముద్రణ కార్యాలయం' అని ఉంటుంది. మొదటి రెండు అంతస్తుల్లో నిజంగానే మ్యాపులు అచ్చవుతాయి. మూడో అంతస్తు గురించి కింది రెండు అంతస్తుల వాళ్ళకి తెలియదు. అక్కడ అసలు పేర్లు ఎవరూ వాడరు. మూల సీట్లో ఒదిగి కూర్చుని, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడి తల దించుకునే ప్రోగ్రామర్‌కి ఉడుత అన్న పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. వయసు ఇరవై తొమ్మిది. ఏడేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆఫీసు దాటి చేసిన సాహసం ఒక్కటీ లేదు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఉడుత కుర్చీ అంచున కూర్చుంది. ఆయన ఎవరినీ కూర్చోమనడు. గత నాలుగు నెలల్లో ముగ్గురు ఏజెంట్లని కూర్చోమన్నాడు. ఆ ముగ్గురూ మళ్ళీ కనబడలేదు.

"తుపాకి పక్కన దొరికిన బోర్డులోని ప్రోగ్రామ్ చదివించాను. నాలుగు వేల లైన్లు. రెండొందల పదో లైను పక్కన ఎవరో ఒక మాట రాసుకున్నారు. యంత్రం పట్టించుకోని మాట, మనుషుల కోసం రాసేది. 'ఇక్కడ నిద్రొస్తోంది' అని."

ఉడుత తల దించుకుంది. "నేనే, సార్."

"తెలుసు."

మూడేళ్ళ కిందట ఆమె రాసిన ప్రోగ్రామ్ అది. స్క్రీన్ మీద ఊరి బొమ్మ ఉంటుంది. బొమ్మలో ఎక్కడ క్లిక్ చేస్తే టవరు మీది కెమెరా అటు తిరుగుతుంది. సర్వేకి పనికొస్తుందని రాసింది. వాళ్ళు కెమెరా ఊడదీసి అక్కడ తుపాకి పెట్టారు.

"ఎవరు పట్టుకెళ్ళారో కూడా తెలుసు కదా?"

"నెమలి."

నెమలి మూడేళ్ళు ఉడుత పక్క సీట్లోనే కూర్చుంది. ఆమె మెట్లెక్కి వస్తుంటే మడమల చప్పుడుకి కింది అంతస్తుల్లో మెషిన్లు ఆగేవి. ఆకుపచ్చ కోటు, ఎత్తు మడమల చెప్పులు, ఎవరినైనా రెండు నిమిషాల్లో నవ్వించే నోరు. ఏడాది కిందట ఆమెను విదేశీ ముఠాలోకి పంపారు. అక్కడ వాళ్ళ మనిషిలా ఉంటూ రహస్యాలు ఇక్కడికి చేరవేయాలి.

"వాళ్ళు నమ్మాలంటే చేతిలో ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. పనికిరాని మ్యాపు ప్రోగ్రామేగా అని సరేనన్నది నేనే," చీఫ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "నాలుగు నెలలుగా ఆవిడ పంపిన ప్రతి అడ్రసూ ఉచ్చే. ముగ్గురు పోయారు. ఇవాళ పొద్దున ఇంకోటి పంపింది. కోడ్ మాట సరిగ్గానే ఉంది. 'బొత్తాం ఊడింది'. ఐదో అంతస్తు, పళ్ళ డాక్టరు పైన."

"అదీ ఉచ్చేనా, సార్?"

"అయ్యే ఉంటుంది. కానీ నా దగ్గర ఇంకో అడ్రసు లేదు. గుమాస్తా చూసేది ఆ ముఠా కేసు కాగితాలే. ఆ కేసులో సాక్షి ఇవాళ పదకొండింటికి కోర్టు మెట్లెక్కుతాడు. నలభై ఒక్క మెట్లు. వెనక గేటుని గత వారం వాళ్ళే పేల్చేశారు. చుట్టూ ఉన్న మేడలన్నీ వెతికించాను. తుపాకి దొరకలేదు. మధ్యాహ్నంలోపు సాక్ష్యం పడకపోతే ముఠా నాయకుడు దర్జాగా బయటికి నడుచుకుంటూ వస్తాడు." ఆయన కళ్ళజోడు మళ్ళీ కళ్ళ మీదికి దించుకున్నాడు. "సాక్షి ఎవరో నీకు తెలుసు."

"మా పెదనాన్న."

దుబాసీ ఆయన. ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పడమే నలభై ఏళ్ళుగా ఆయన పని. ముఠా నాయకుడు బేరం మాట్లాడిన గదిలో, ఆ బేరం మొత్తం విన్న మూడో మనిషి ఆయనొక్కడే. ఉడుతకి ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకేసారి పోతే చేతిలో సంచీతో వచ్చి, "పదమ్మా, మనింటికి" అన్నది ఆయనే.

"ఆ క్లిక్ సంగతి నాకు ఇంకోసారి చెప్పు. నా బుర్రకి ఎక్కేలా," అన్నాడు చీఫ్.

పని గురించి అడిగితే ఉడుతకి బెరుకు పోతుంది. టేబుల్ మీది ట్రేని, అందులోని నీళ్ళ గ్లాసుని చూపించింది. "గ్లాసు ఎక్కడుందంటే రెండు లెక్కలున్నాయి సార్. ట్రే మూల నుంచి కొలిస్తే బెత్తెడు. టేబుల్ మూల నుంచి కొలిస్తే రెండు మూరలు. రెండూ నిజమే. కంప్యూటర్‌లో స్క్రీన్ అంటే టేబుల్. అందులో తెరిచిన విండో అంటే ట్రే. మౌస్ ఎప్పుడూ టేబుల్ లెక్కే చెబుతుంది. బొమ్మకేమో ట్రే లెక్క కావాలి. మౌస్ చెప్పినదాంట్లోంచి ట్రే ఎక్కడుందో ఆ దూరం తీసేస్తే, బొమ్మలో ఎక్కడ క్లిక్ చేశారో తెలుస్తుంది. తుపాకి అటు తిరుగుతుంది."

"ఆపాలంటే?"

"ఆ కంప్యూటర్‌కి దీన్ని గుచ్చాలి." జేబులోంచి పెన్ను తీసింది. మూత తీస్తే లోపల కనెక్టరు. "నాలుగు సెకన్లు చాలు."

"ఐదో అంతస్తులో కిటికీ బ్లైండ్లు పాడయ్యాయని బిల్డింగు వాళ్ళ రిజిస్టర్లో రాయించాను. నువ్వు వాటిని బాగుచేసే మనిషివి. యూనిఫాం, టూల్ బ్యాగు వ్యాన్లో ఉన్నాయి." చీఫ్ ఒక కాగితం తీసి, మళ్ళీ డ్రాయర్లో పెట్టేశాడు. "నీకు అబద్ధం చెప్పను. నీ సంతాప లేఖ టైపు చేయించేశాను. సంతకమే మిగిలింది."

లేచి వెళుతూ ఉడుత తన సీటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. మానిటర్ కింద అంటించిన కాగితం పసుపెక్కిపోయింది. ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. 'విండో జరపరాదు'. ఆఫీసులో ప్రతి మానిటర్ కిందా ఉంటుంది అది. మూడేళ్ళుగా రోజూ చూస్తోంది కాబట్టి ఇవాళ కూడా చూసినట్టు ఆమెకి తెలియలేదు.

వ్యాన్లో యూనిఫాం తొడుక్కుంటుంటే పొద్దుటి సంగతి కళ్ళముందు ఆడింది. పెదనాన్న వంటింట్లో కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాడు.

"ఎక్కడే నా కళ్ళజోడు?"

"టేబుల్ మీదే ఉంది పెదనాన్నా, ఎడమవైపు."

"ఎవరి ఎడమ? నీదా, నాదా?"

అది ఆయన ఊతపదం. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే ఒకరి ఎడమ ఇంకొకరి కుడి అవుతుంది, అది మరిచిపోయినవాడు దుబాసీ పనికి పనికిరాడు అంటాడు. నిజం చెప్పాలంటే ఆమె ఆ ప్రోగ్రామ్ రాయగలిగిందే ఆ ఊతపదం వల్ల.

"మీరు వెళ్ళకపోతేనేం?" అని అడిగింది, మ్యాపులు అచ్చువేసే ఆఫీసులో పనిచేసే మామూలు అమ్మాయి అడిగినట్టే.

"నేను చెప్పకపోతే ఆ మాటలు ఇంకెవరి నోట వస్తాయే?" కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వైపు చూశాడు. "సాయంత్రం నాకోసం చూడకు. గడియ పెట్టుకో."

పదీ పదికి ఉడుత ఐదో అంతస్తులో లిఫ్టు దిగింది. టోపీ కళ్ళదాకా లాక్కుంది. కింది అంతస్తులో పళ్ళు తొలిచే యంత్రం కూత మెట్ల మీదుగా సన్నగా పైకి వస్తోంది. తలుపు కొట్టింది.

తలుపు తీసింది నెమలే.

ఆకుపచ్చ కోటు, అవే మడమలు. ఉడుతని పైనుంచి కిందికి చూసింది. తర్వాత నెమలి లోపలికి తిరిగి తీరిగ్గా అంది, "సూదీ, అతిథి వచ్చింది. నువ్వు వాడుతున్న ప్రోగ్రామ్ రాసిన మహాతల్లి."

ఉడుత పరిగెత్తడానికి వెనక్కి తిరిగేలోపే తలుపు మూసుకుంది.

సూది అన్నవాడు సన్నగా, పొడుగ్గా, చొక్కా మెడ బొత్తాం దాకా పెట్టుకుని ఉన్నాడు. ఈ భాష వాడిది కాదు. పుస్తకం చూసి నేర్చుకున్నట్టు ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు. ఉడుత జేబులు తడిమాడు. పెన్ను తీసి, మూత తెరిచి చూసి, నేల మీద వేసి బూటుతో నలిపాడు.

"చంపెయ్యనా?" నెమలిని అడిగాడు, టీ కావాలా అని అడిగినంత మామూలుగా.

"తొందరేముంది. నీ బొమ్మ మధ్యలో మొరాయిస్తే ఎవరు బాగుచేస్తారు, నువ్వా? పదకొండయ్యేదాకా ఉండనీ."

"నిజమే," అన్నాడు సూది.

కట్టేసింది కూడా నెమలే. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్లు కుర్చీ చేతులకి బిగించింది. వంగినప్పుడు ఆ పాత సెంటు వాసన ముక్కుకి తగిలింది. "లావయ్యావే ఉడుతా," అంది చెవిలో. "సీట్లోంచి లేవమంటే వినవు."

ఉడుత మొహం తిప్పుకుంది. ముగ్గురు. ఇప్పుడు తను నాలుగు. ఇంకో ముప్పావుగంటలో పెదనాన్న ఐదు. అంతే, ఇంక లెక్కపెట్టడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.

పది యాభై. గదిలో బ్లైండ్లన్నీ దించి ఉన్నాయి. సూది ఎదురుగా పెద్ద స్క్రీన్. అందులో నాలుగు విండోలు. పై ఎడమ మూల గాలి వేగం, దాని కింద బ్యాటరీ, దాని కింద రేడియో. కుడివైపు, స్క్రీన్ కింది సగంలో, కోర్టు మెట్ల బొమ్మ. పైన కుడి సగమంతా ఖాళీ. మెట్ల మీద తెల్ల చొక్కాల పోలీసులు. పక్కన తాడు వెనక విలేకరుల గుంపు. మెట్ల పైన పెద్ద తలుపు, తలుపు మీద రెండు నిలువుల ఎత్తు ఖాళీ గోడ, గోడకి వేలాడే గాజు దీపం.

తన చేతులతో రాసిన విండో. అంచు రంగు కూడా తను ఎంచుకున్నదే. దాన్ని చూస్తూ కూర్చోవడం కంటే కళ్ళు మూసుకోవడం మేలనిపించింది. మూసుకుంది.

మూసుకున్న కళ్ళలో పసుపెక్కిన కాగితం కనబడింది.

విండో జరపరాదు.

మూడేళ్ళ కిందట మ్యాపుల సెక్షన్ ఆవిడ కంప్లయింటు రాసింది. 'విండో పక్కకి లాగితే క్లిక్ ఇంకో చోట పడుతోంది' అని. ఉడుత చూసింది. తప్పు తనదే. ట్రే ఎక్కడుందో ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఒక్కసారే చూసి రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత ట్రేని ఎంత జరిపినా పాత దూరమే తీసేస్తుంది. దిద్దాలంటే ఒక్క లైను. ఆ వారం జ్వరం, బద్ధకం. దిద్దే బదులు, విండో ఎవరూ జరపొద్దని ఒక కాగితం రాసి అంటించేద్దామంది. "నీ కోడిగీతలు ఎవడు చదువుతాడే, ఇలా తే," అని పదహారు కాగితాలూ తన గుండ్రటి అక్షరాలతో రాసింది పక్క సీటావిడ.

నెమలి.

ఆ ఆఫీసులో అందరికీ అలవాటైపోయింది. విండో ఎవరూ జరపరు. తప్పు అలాగే ఉండిపోయింది. ఈ గదిలో కూడా ఎవరూ జరపలేదు కాబట్టే గుమాస్తా చచ్చిపోయాడు.

ఉడుత కళ్ళు తెరిచింది. సూది ఆ విండోని పైకి జరిపితే, జరిపినంత మేర గుండు కూడా పైకి పోతుంది. గోడకి. పక్కకి జరిపితే విలేకరుల మీదికి. కిందికి జరిపితే పోలీసుల మీదికి. పైకే జరపాలి. తనంతట తనే జరపాలి. అడిగితే జరుపుతాడా?

ఆశ అనడానికి కూడా వీల్లేని ఆలోచన. కానీ ఆమె కుడి చేతి వేళ్ళకి ఏదో చల్లగా తగులుతోంది. బ్లైండు పైకి లాగే పూసల గొలుసు.

చేతికి అందేది ఈ ఒక్క కిటికీ బ్లైండే. సూది ఎడమ భుజం వెనక. బయట చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతోంది. బ్లైండు మొత్తం లేపితే స్క్రీన్ అంతా వెలిసిపోతుంది, లేచి దించేస్తాడు. జానెడు లేపితే వెలుగు కిందనుంచి దూరుతుంది. ముందు టేబుల్ మీద, తర్వాత కీబోర్డు మీద, తర్వాత స్క్రీన్ కింది సగం మీద.

రెండు వేళ్ళతో ఒక పూస లాగింది. టిక్.

ఆ చిన్న చప్పుడుకి సూది తల తిరగలేదు. ఇంకో పూస. టిక్. ఈసారి నెమలి ఇటు చూసింది. ఆమె కళ్ళు ఉడుత మొహం మీద కాదు, వేళ్ళ మీద ఆగాయి.

అయిపోయింది, అనుకుంది ఉడుత.

నెమలి ఆవులించి లేచింది. "కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది," అంటూ గదిలో అటూ ఇటూ నడవసాగింది. ఎత్తు మడమలు. టక్, టక్, టక్.

ఉడుతకి ఆలోచించే తీరిక లేదు. ప్రతి టక్ కింద ఒక పూస లాగింది.

పది యాభై ఎనిమిది. స్క్రీన్ మీద నల్ల కారు ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ముందు గొడుగు దిగింది, తర్వాత పెదనాన్న. తలుపు పట్టుకున్న పోలీసుకి ఏదో చెబుతున్నాడు. బహుశా థాంక్స్ చెబుతున్నాడు. ఇక్కడి నుంచి చూస్తే ఆయన బొటనవేలంత ఉన్నాడు.

టేబుల్ అంచు మీద ఎండ గీత పడింది. కాఫీ కప్పుని దాటింది. కీబోర్డు ఎక్కింది.

పెదనాన్న పదో మెట్టు. మోకాలు నొప్పి కాబట్టి ప్రతి ఐదు మెట్లకీ ఒకసారి ఆగుతున్నాడు. ఆయన అలా ఆగుతుంటే ఉడుత ప్రాణం ఆగుతోంది.

ఎండ స్క్రీన్ అంచుకి పాకింది. మెట్ల బొమ్మ కింది సగం తెల్లగా వెలిసిపోయింది. సూది కళ్ళు చికిలించాడు.

"బ్లైండు దించు," అన్నాడు, మౌస్ మీదినుంచి చెయ్యి తీయకుండా.

నెమలి కిటికీ దగ్గరికి వచ్చింది. ఉడుత వేళ్ళలోంచి గొలుసు తీసుకుంది. ఆ వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. గొలుసుని రెండుసార్లు గట్టిగా గుంజినట్టు భుజం ఊపింది.

"ఇరుక్కుపోయింది."

"బాగుచేసే మనిషినే కట్టేశాం," అని విసుక్కున్నాడు సూది. మొదటిసారి అతని గొంతులో కాస్త హడావుడి వినబడింది. పెదనాన్న ఇరవయ్యో మెట్టు మీద ఉన్నాడు.

సూది మౌస్ బాణాన్ని విండో పై పట్టీ మీద పెట్టి పట్టుకున్నాడు. విండో కదిలింది. ముందు కుడివైపుకి. విలేకరులు ఉన్న వైపు. ఉడుత పెదవి కొరికింది, ఉప్పగా తగిలింది. మళ్ళీ ఎడమకి వచ్చింది. పైకి. ఇంకా పైకి. ఎండ తగలని ఖాళీ చోటుకి వెళ్ళి ఆగింది.

ఒక్క మాట చాలు. 'జరపకు' అని. ఆ కాగితం రాసిన మనిషి సూది వెనకే నిలబడి ఉంది. గొలుసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఉడుత ఆమె నోటివైపే చూస్తూ కూర్చుంది.

నెమలి నోరు విప్పలేదు.

ముప్పయ్యో మెట్టు. పెదనాన్న ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు.

క్లిక్.

విండోలో ఎర్రచుక్క సరిగ్గా ఆయన గుండెల మీద పడింది. స్పీకర్లో చప్పుడు ఢాం అని మోగింది. మెట్ల మీద ఉన్న జనమంతా ఒక్కసారిగా నేలకి కరుచుకున్నారు. బొమ్మలో అంతా చొక్కాలు, వీపులు, పడిపోయిన కెమెరాలు. పెదనాన్న ఎక్కడున్నాడో తెలియలేదు. పనిచేయలేదు, అనుకుంది ఉడుత. తను అసలు తప్పే రాసి ఉండదు. ఎప్పుడో దిద్దేసి మరిచిపోయి ఉంటుంది. జీవితంలో ఒక్కసారి తన పని సరిగ్గా చేసి ఉంటుంది.

తర్వాత చూసింది. అందరూ పడుకున్న మెట్ల మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. తలెత్తి, తలుపు మీద పగిలిన గాజు దీపం వైపు చూస్తున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ముప్పై ఒకటో మెట్టు ఎక్కాడు. ఈలోపు పోలీసులు లేచి ఆయన చుట్టూ గోడ కట్టేశారు.

సూది స్క్రీన్ మీది ఎర్రచుక్కని చూశాడు. పగిలిన దీపాన్ని చూశాడు. జరిపిన విండోని చూశాడు. మెల్లగా కుర్చీ తిప్పాడు.

"నువ్వు అక్కడ మూడేళ్ళు పనిచేశావు," అన్నాడు నెమలితో. "ఇది నీకు తెలుసు."

"నన్నెవరూ అడగలేదు," అంది నెమలి.

అతను పిస్టల్ తీసి ఒక్కసారే కాల్చాడు. కింది అంతస్తులో పళ్ళ యంత్రం కూత ఆగిపోయింది. ఎవరో కేకలు, మెట్ల మీద అడుగులు. సూది పిస్టల్ ఉడుత వైపు తిప్పి, అడుగుల చప్పుడు విని, కోటు అందుకుని వెనక తలుపులోంచి మాయమయ్యాడు.

నెమలి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆకుపచ్చ కోటు పొట్ట దగ్గర నల్లబడుతోంది. ఉడుత కుర్చీతో సహా ఆమె వైపు జరగబోయి పక్కకి పడిపోయింది. ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులోకి వచ్చాయి.

"గొలుసు ఇరుక్కోలేదు," అంది ఉడుత.

"లేదు."

"ఆ ముగ్గురినీ ఎందుకు పట్టించావు?"

"వాళ్ళు అడిగారు, చెప్పాను. చెప్పకపోతే ఏం చేస్తారో చూశాను కాబట్టి చెప్పాను." కోటు మీద చెయ్యి జరిపి ఒక బొత్తాం తడిమింది. మిగతావన్నీ ఆకుపచ్చ దారంతో కుట్టి ఉన్నాయి. ఇదొక్కటే నల్ల దారంతో. "ఒకసారి మీ ఇంటికి వచ్చాను గుర్తుందా? ఇది మీ పెదనాన్న కుట్టాడు. ఎడమ బొత్తాం ఊడిందంటే, ఎవరి ఎడమ అని అడిగాడు."

"గుర్తుంది."

"ఆ కాగితాలు నీ కోడిగీతలతో రాసుంటే నాకూ గుర్తుండేవి కావే," అంది నెమలి. నవ్వబోయింది. జనం తలుపు తోసుకుని వచ్చేసరికి ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

సాక్ష్యం పన్నెండుకి పది నిమిషాల ముందు పూర్తయింది. ముఠా నాయకుడు లోపలే ఉండిపోయాడు. సూది దొరకలేదు.

సూది దొరకలేదు కాబట్టి పెదనాన్న ఇంటికి రాలేదు. కోర్టు నుంచి అటే తీసుకెళ్ళిపోయారు. కొత్త ఊరు, కొత్త పేరు, కొత్త కాగితాలు. ఎక్కడన్నది ఆఫీసులో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఉడుత లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆయన చెప్పినట్టే గడియ పెట్టుకుంది.

వారం తర్వాత చీఫ్ పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు. డ్రాయర్లోంచి సంతాప లేఖ తీసి ఇచ్చాడు. "ఇది చూసి తప్పులుంటే దిద్ది ఇవ్వు. మళ్ళీ టైపు చేయించే పని తప్పుతుంది."

"అలాగే, సార్."

"ఆ ప్రోగ్రామ్ దిద్దావా?"

"దిద్దాను. ఒక్క లైను."

"ఒక్క లైను," అని ఆయన ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నాడు. "వాళ్ళు నాలుగు వేల లైన్లు ఎత్తుకెళ్ళారు. కింద అంటించిన కాగితం మాత్రం ఇక్కడే వదిలేశారు." టేబుల్ మీద ఆకుపచ్చ అట్ట ఫైలు ఉంది. "నెమలిది. రెండు అల్మారాలున్నాయి. ఒకటి మనవాళ్ళది, ఒకటి వాళ్ళవాళ్ళది. ఎందులో పెట్టమంటావు?"

"ఎవరి లెక్కలో, సార్?"

చీఫ్ కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు. పోయిన ఆ ముగ్గురు మనుషులూ ఆయన కళ్ళలోంచి నడుచుకుంటూ వెళ్ళినట్టనిపించింది ఉడుతకి. ఆయన లేచి, ఫైలుని రెండింట్లోనూ పెట్టకుండా అల్మారా పైన, దుమ్ములో పెట్టాడు.

ఉడుత తన సీటుకి వచ్చింది. మానిటర్ కింది కాగితం ఇప్పుడు అక్కర్లేదు. గోటితో అంచు లేపింది. చింపబుద్ధి కాలేదు. మళ్ళీ అతికించేసింది. విండో ఎంత జరిపినా ఇప్పుడు క్లిక్ సరిగ్గానే పడుతుంది. అయినా ఆ ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ జరపరు.

నాలుగు నెలలకి ఒక ఉత్తరం వచ్చింది. చీఫ్ చేతుల మీదుగా, మూడుచోట్ల నల్లసిరా పూసి. ఆరోగ్యం బాగానే ఉందట. మోకాలికి కొత్త మందు వాడుతున్నాడట. ఇంటి ముందు రోడ్డు చదునుగా ఉంటుందట, మెట్లు లేవట. కిటికీలోంచి ఎండ బాగా వస్తుందట. ఎప్పుడైనా, ఏ జన్మకైనా ఆ వీధికి వస్తే ఇల్లు కనుక్కోవడం తేలికట, ఎడమవైపు మూడోదట.

ఉడుత ఉత్తరాన్ని తిప్పి చూసింది, అంచులు చూసింది, నల్లసిరా వెలుతురుకి పెట్టి చూసింది. ఎవరి ఎడమో మాత్రం, బతుకులో మొదటిసారి, పెదనాన్న రాయలేదు.